అరవై దగ్గరపడ్డాక మట్టి పట్టుకుందామనుకుంటున్న ఫిట్టరు గారికి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. వయసు 58, విజయవాడ లోకో షెడ్డులో ఫిట్టరు ఉద్యోగం, ఇంకో రెండేళ్లలో రిటైర్మెంటు. చిన్నప్పుడు వినాయక చవితికి వీధిలో సగం ఇళ్లకి విగ్రహాలు మీరే చేసిపెట్టేవారు. ఉద్యోగం వచ్చాక ఆ పని అక్కడే ఆగిపోయింది. ఇప్పుడు బొమ్మలు వెయ్యాలని, శిల్పాలు చెయ్యాలని ఉంది కానీ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, ఇంట్లోవాళ్లు నవ్వుతున్నారు. ఈ వయసులో కుదురుతుందా, రంగులా మట్టా ఏది ముందు, ఎక్కడ నేర్చుకోవాలి, ఎంత ఖర్చవుతుంది? ఇవీ మీ ప్రశ్నలు.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో 31 ఏళ్లు గుమస్తాగా చేశాను. మట్టి ముట్టుకున్నది 53వ ఏట. ఇప్పుడు 68. ఏ కాలేజీకీ వెళ్లలేదు, గురువంటూ ఒకరు లేరు. చేసి, పాడుచేసి, మళ్లీ చేసి తెలుసుకున్నదే మీకు చెబుతున్నాను.

వయసు సంగతి ముందు తేల్చేద్దాం. రవీంద్రనాథ్ టాగూరు రాతప్రతుల్లో కొట్టివేతల్ని కలుపుతూ గీసిన గీతలు అసలైన బొమ్మలుగా మారింది ఆయనకు అరవై దాటాకే. 1930లో పారిస్‌లో మొదటి ప్రదర్శన పెట్టేనాటికి ఆయనకు 69వ ఏడు. పోయేలోపు రెండు వేలకు పైగా బొమ్మలు వేశారు. మన దుగ్గిరాల పక్కన తుమ్మపూడిలో సంజీవదేవ్ గారు సొంతంగా చదువుకునే చిత్రకళ గురించి అంత రాశారు, తనూ బొమ్మలు వేశారు. ఈ పేర్లు ఇంట్లోవాళ్లకి చెప్పడానికి పనికొస్తాయి. రేపు పొద్దున మట్టిముద్ద ముందు కూర్చున్నప్పుడు మాత్రం టాగూరు వచ్చి మీ చెయ్యి పట్టుకోడు. అక్కడ పనికొచ్చేది మీ ముప్ఫై ఏళ్ల షెడ్డు పనే. ఫిట్టరు చెయ్యి అంటే కొలత తెలిసిన చెయ్యి. ఒక తలం ఇంకో తలంతో ఎక్కడ కలుస్తుందో వేలితో తడిమి చెప్పగలరు మీరు. ఇరవై ఏళ్ల కుర్రాడికి అది నేర్పడానికి ఎంత కాలం పడుతుందో నాకు తెలుసు, మా మనవడికి నేర్పుతున్నాను కాబట్టి.

అందుకే నా సలహా ఒకటే: మట్టితో మొదలుపెట్టండి, రంగుల జోలికి ఒక ఏడాది వెళ్లకండి. చాలామంది దీనికి ఒప్పుకోరు. ముందు డ్రాయింగు రావాలి, తర్వాతే శిల్పం అంటారు. చిన్నప్పుడే నేర్చుకునేవాళ్లకి అది సరే. వయసు మీద పడ్డాక మొదలుపెట్టినవాళ్లు కాగితం ముందు కూర్చుంటే ఏమవుతుందంటే, కళ్లు ఒకటి చూస్తాయి, చెయ్యి మాత్రం చిన్నప్పుడు నేర్చిన గుర్తుల్నే గీస్తుంది. కన్నంటే బాదంగింజ, ముక్కంటే ఒక కొక్కెం. నేను రెండేళ్లు ఆ గుర్తుల్తోనే కుస్తీపట్టాను. మట్టిలో ఆ గుర్తులు నిలబడవు. కన్ను గీత కాదనీ, గుంటలో కూర్చున్న గోళీ అనీ, దాన్ని పైరెప్ప ముందుకొచ్చి కప్పుతుందనీ వేలికే తెలిసిపోతుంది. ఒక తల మట్టిలో చేశాక దాన్నే ఒక లైటు కింద పెట్టి పెన్సిలుతో గీశాను. అప్పుడు నీడలు ఎందుకు పడుతున్నాయో మొదటిసారి అర్థమైంది.

మట్టి విషయంలో మన ప్రాంతానికి ఒక చిక్కు ఉంది. పొలంలోంచో సైటులోంచో నల్లరేగడి తెచ్చుకుని చేద్దామనిపిస్తుంది, చేతికి వెన్నలా ఉంటుంది కూడా. వద్దు. నీళ్లు తగిలితే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. వేసవిలో పత్తి చేలల్లో చెయ్యి పట్టే పగుళ్లు చూశారుగా, మీ బొమ్మ మొహం మీదా అవే వస్తాయి. కుండలు చేసేవాళ్ల దగ్గరికి వెళ్లి జల్లించి తొక్కిన చెరువుమట్టి అడిగి కొనుక్కోండి. దాంట్లో సన్నటి ఇసుక వాళ్లే సరిపడా కలిపి ఉంటారు. పాలిథిన్ సంచిలో మూతి కట్టి, పైన తడి గోనె కప్పి ఉంచండి. ఎన్నాళ్లు నిలవుంటే అంత బాగా సాగుతుంది. నా దగ్గర రెండేళ్ల నాటి మట్టి ఉంది, దాన్ని ఎవరికీ ఇవ్వను.

ఇప్పుడు నా మొదటి తల సంగతి చెప్పాలి, ఎందుకంటే మీరు ఈ తప్పు చెయ్యకూడదు. అది మా అమ్మ తల. అమ్మ పోయి అప్పటికి నాలుగేళ్లు. ఉన్నది ఒక్క రేషన్ కార్డు ఫొటో, మిగతాదంతా జ్ఞాపకమే. పదకొండు రోజులు చేశాను. బుగ్గల కింద వదులు, పైపెదవి మీద నిలువు ముడతలు, ఎడమ చెవి తమ్మె బరువు దుద్దులకి సాగి చీలినంత పనయి ఉండేది, అది కూడా వచ్చింది. రాత్రి తడిగుడ్డ కప్పి పడుకున్నాను. పొద్దున చూస్తే గడ్డం ఛాతీలోకి దిగిపోయి ఉంది. మెడ దగ్గర అడ్డంగా పగిలి, తల మొత్తం ముందుకి వాలింది. ఆ మట్టిని చాలా రోజులు ముట్టుకోలేకపోయాను.

లోపల ఎముక పెట్టకపోవడమే కారణం. నిలువెత్తు మనిషి సైజు తల మెడతో కలిపి పది కిలోలకు తగ్గదు, తడిమట్టి మెడ అంత బరువు మొయ్యలేదు. శిల్పులు ఆ ఎముకని ఆర్మేచర్ అంటారు. మీ మోటార్లలో ఉండే ఆర్మేచర్‌కీ దీనికీ పొత్తు లేదు, మాట ఒక్కటే. మీకు ఇది గంట పని: ఒకటిన్నర అడుగుల చదరం చెక్క, మధ్యలో ఫ్లాంజి బిగించి అరంగుళం జి.ఐ. పైపు నిలబెట్టండి. పైన మెత్తటి అల్యూమినియం తీగతో బుట్టలా తల ఆకారం కట్టండి. ఆ బుట్టలో చిన్న చెక్కపుల్లల్ని ప్లస్ గుర్తులా కట్టి తీగతో వేలాడదియ్యండి. మట్టి జారిపోకుండా పట్టుకునేవి అవే. ఈ పుల్లల సంగతి తెలిసేసరికి నాకు మూడు తలలు పట్టింది. చెక్క కింద పాత లారీ హబ్బు బేరింగు ఒకటి పెట్టుకుంటే తిరుగుడు పీట అయిపోతుంది. మీ ఛాతీ ఎత్తుకి స్టాండు చేసుకోండి. కింద కూర్చుని వంగి చేస్తే మన వయసులో నడుము నెల రోజుల్లో పనికిరాకుండా పోతుంది.

చేసే పద్ధతి గురించి రెండు మాటలు. బఠాణీ గింజంత మట్టి తీసుకుని బొటనవేలితో అద్ది నొక్కండి, పులమకండి. నీళ్లు రాసి నున్నగా చెయ్యాలన్న ఆశ మొదట్లో చాలా ఉంటుంది. నున్నన చేసిన తప్పు తప్పులా కనపడదు, అదీ దాంట్లో ప్రమాదం. పది నిమిషాలకోసారి పీట తిప్పండి. పక్కనుంచి, వెనకనుంచి, స్టూలెక్కి పైనుంచి చూడండి. పైనుంచి చూస్తే తల గుండ్రంగా ఉండదు, గుడ్డులా ఉంటుంది. కొత్తవాళ్లంతా వెనక భాగం తక్కువ చేస్తారు. మొహం మీదే దృష్టి ఉంటుంది కాబట్టి కళ్లు కూడా పైకి పెట్టేస్తారు. నడినెత్తి నుంచి గడ్డం దాకా కొలిస్తే కళ్లు సరిగ్గా సగంలో ఉంటాయి. అద్దం ముందు నిలబడి కాలిపర్సుతో మీరే కొలుచుకోండి. మన శిల్పశాస్త్రం లెక్క ఇంకా తేలిక: జుట్టు మొదలు నుంచి గడ్డం దాకా ఒక తాలం, అంటే 12 అంగుళాలు. నుదురు నాలుగు, కనుబొమల నుంచి ముక్కు కొన దాకా నాలుగు, అక్కణ్ణుంచి గడ్డానికి నాలుగు. నవతాలం అంటే మనిషి మొత్తం తొమ్మిది మొహాలు, 108 అంగుళాలు. ఆ అంగుళం స్కేలు మీది అంగుళం కాదు, బొమ్మ సైజుని బట్టి మారే కొలత. ఫిట్టరుకి ఇది చూడగానే నచ్చుతుంది.

తల అయ్యాక దాన్ని నిలబెట్టుకోవడం ఎలా అన్నది వేరే కథ. కాల్చాలంటే లోపల ఇనుము ఉండకూడదు, నిండుగా ఉండకూడదు. మట్టి తోలులా గట్టిపడ్డాక తీగతో తలని రెండుగా కోసి, ఆర్మేచర్ తీసేసి, వేలిమందం గోడ మిగిలేలా లోపల గరిటెతో తోడాలి. అంచులు గీరి, బురద రాసి అతికించి, కనపడనిచోట గాలికి చిన్న చిల్లు పెట్టాలి. నీడలో రెండు మూడు వారాలు ఆరనివ్వాలి. తేమ మిగిలితే కుండలు కాల్చే ఆవంలో ఆవిరై పగలగొడుతుంది, పక్కనున్న కుండల్ని కూడా. కుమ్మరి ఒకసారి నష్టపోతే రెండోసారి మన బొమ్మ ఆవంలో పెట్టనివ్వడు, అందులో ఆయన తప్పేం లేదు.

రెండో దారి ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌తో అచ్చు తియ్యడం. నీళ్లలో పొడి చల్లాలి, పొడిలో నీళ్లు పొయ్యకూడదు. పొడి నీటి మట్టానికి దిబ్బలా తేలేదాకా చల్లి, ఒక నిమిషం ఆగి, అప్పుడు చేత్తో బుడగలు రాకుండా కలపాలి. మట్టి తల మీద వేసే మొదటి పూతలో చిటికెడు నీలిమందు కలపండి. అది ఆరాక పైన తెల్లటి పూత మందంగా వెయ్యండి. గట్టిపడ్డాక లోపలి మట్టి తీసేసి, అచ్చుకి సబ్బునీళ్లు మూడు సార్లు పట్టించి, ప్లాస్టరు పోసి, ఆ తర్వాత ఉలితో పై అచ్చు పగలగొడుతూ వస్తారు. తెలుపు పోయి నీలం కనపడిందంటే బొమ్మ దగ్గరకొచ్చిందని గుర్తు, అక్కణ్ణుంచి సుత్తి మెల్లగా. నేను ఒకసారి సబ్బు ఒక్కసారే రాసి తొందరపడ్డాను. అచ్చూ బొమ్మా ఒకే రాయి అయిపోయాయి. ప్లాస్టరు గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది, దాంట్లో చెయ్యి పెట్టి అచ్చు తియ్యాలని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, చర్మం కాలుతుంది. షుగరు ఉంటే మరీ జాగ్రత్త. పనయ్యాక చేతులకి కొబ్బరినూనె రాసుకోండి, లేకపోతే మట్టి చర్మాన్ని పగలదీస్తుంది.

ఇంట్లో గొడవ రాకుండా ఇంకో మాట: మట్టినీళ్లు, ప్లాస్టరు నీళ్లు సింకులో పొయ్యకండి. బకెట్లో పేరనిచ్చి, పైనీళ్లు మొక్కలకి పోసి, అడుగుది విడిగా పారెయ్యండి. మా ఇంట్లో పైపు పూడిపోయి బాత్రూము గచ్చు తవ్వాల్సొచ్చింది. మా ఇంటావిడ ఆరోజు ఏమీ అనలేదు. ఆ అనకపోవడం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఇక ఎక్కడ నేర్చుకోవాలి అన్నారు. మీరున్నది బెజవాడలో, చుట్టూ బడే. బందరు రోడ్డు మీది బాపు మ్యూజియం 1887లో విక్టోరియా జూబిలీ పేరుతో కట్టిన భవనం, 1921లో పింగళి వెంకయ్య గారు గాంధీగారికి జెండా చూపించింది అక్కడే. అక్కడి బుద్ధుడి ముందు అరగంట కూర్చోండి. తర్వాత అమరావతి మ్యూజియం. శుక్రవారం సెలవు, ఆ రోజు తప్పించి వెళ్లండి. గొప్ప పలకలు చాలా వరకు చెన్నైకీ లండన్‌కీ వెళ్లిపోయాయి, ఆ బాధ ఉండనే ఉంది. అయినా మిగిలినవి చాలు. పల్నాటి సున్నపురాయి, తెలుపులో లేత ఆకుపచ్చ జీర. నేను మొదటిసారి వెళ్లినప్పుడు కథలు వెతుక్కున్నాను. మూడోసారికి కథ వదిలేసి లోతు చూశాను. పలకలో రెండు వేళ్ల మందం చెక్కి ముందొక వరస మనుషుల్ని, వెనకొక వరసని, వాళ్ల భుజాల మధ్యనుంచి తొంగిచూసే ఇంకో మొహాన్ని ఇరికించారు. కిటికీ వెలుగు పక్కనుంచి పడ్డప్పుడు చూడండి, ఎదురుగా పడ్డప్పుడు చూస్తే సగం పోతుంది. వచ్చేటప్పుడు దారిలో ఉండవల్లి దిగి పడుకున్న అనంతపద్మనాభుణ్ణి చూడండి. ఒక్క మట్టి ముక్క అతికించకుండా, కొండలోంచి అక్కర్లేనిది తీసేస్తూ వెళ్లారు. మన పనికి అది తలకిందుల దారి. దాన్ని చూశాకే కలపడం వేరు, తియ్యడం వేరు అని నాకు బుర్రకెక్కింది.

కొండపల్లి కూడా వెళ్లండి. తెల్లపొణికి కర్రతో చేతులు, తల విడిగా చెక్కి, రంపపు పొట్టూ చింతగింజల పొడీ కలిపిన మక్కుతో అతుకుతారు. ఒక మధ్యాహ్నం కూర్చుని చూస్తే నెల రోజుల వీడియోల పెట్టు. తెనాలిలో ఇనుప తుక్కుతో, నట్లూ బోల్టులూ గేర్లతో నిలువెత్తు విగ్రహాలు చేసే శిల్పులున్నారు. నిజం చెప్పాలంటే రెండేళ్ల తర్వాత మీ అసలు దారి అదే కావచ్చనిపిస్తోంది. ఏ బోల్టు ఏ ఇంజనులో ఏం పని చేసిందో తెలిసిన మనిషి దాన్ని మోకాలి చిప్పగా పెడితే ఆ పెట్టడంలో తేడా ఉంటుంది. రాయి మాత్రం ఇప్పుడే వద్దు. చెక్కాలనే ఉంటే దుర్గి శిల్పులు చెక్కే మెత్తరాయితో మొదలుపెట్టండి, ఎన్ 95 మాస్కు లేకుండా గ్రైండరు ఆన్ చెయ్యకండి. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు.

రంగుల సంగతి. ఏడాది తర్వాత అన్నానుగా, అప్పుడు కూడా మీరు ఎక్కువ కాలం చూసిన వస్తువుతోనే మొదలుపెట్టండి. నాకు అది ఎండుమిరపకాయ. యార్డులో శాంపిలు తీసి, కొట్టులో ట్యూబులైటు కింద రేటు చెప్పేవాళ్లం కాదు, ఎండలోకి తెచ్చి చూసేవాళ్లం. తేజ, 334, బాడిగ రకాలైనా, తాలుకాయైనా, దేని ఎరుపు దానిదే. అంత తెలిసినవాణ్ణి బొమ్మ వేసేసరికి ట్యూబులో ఎరుపు పిండి పులిమాను. ప్లాస్టిక్ కాయలా వచ్చింది. వారం రోజులు ఒక్క కాయని తెల్లకాగితం మీద పెట్టుకుని చూశాను. వెలుగు పడే వీపు మీద అసలు ఎరుపే లేదు, ఆకాశం రంగు మెరుస్తోంది. ముడతల్లో నేరేడుపండు నలుపు. తొడిమ దగ్గర నారింజ. పక్కన ఇంకో కాయ పెడితే దాని ఎరుపు వచ్చి దీని నీడలో పడి నీడే వెలుగుతోంది. అప్పుడు ముదురు ఎరుపులో నలుపు మానేసి చిటికెడు ఆకుపచ్చ కలిపాను, నీడ కుదిరింది. మీకు అది గ్రీజు పట్టిన ఇనుము కావచ్చు, తుప్పు కావచ్చు. తుప్పులో ఎన్ని రంగులున్నాయో మీకంటే ఎవరికి తెలుసు?

అక్రిలిక్ కొనుక్కోండి, మూడు రంగులూ తెలుపూ చాలు. మన మే నెల ఎండకి పళ్లెంలోనే ఎండిపోతుంది. టిఫిను బాక్సులో తడి స్పాంజి వేసి, పైన బటర్ పేపరు పరిచి, దాని మీద రంగు పెట్టుకుని మూత వేస్తే రెండు రోజులు ఉంటుంది. నూనెరంగులు తర్వాత, కిటికీలు తెరిచిన గదిలో మాత్రమే, టర్పెంటైన్ ఘాటు తలకెక్కుతుంది.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. ముందు కళ్లు చూపించుకోండి. శుక్లం వస్తే లోకం మెల్లగా పసుపుబారుతుంది, మనకి తెలియదు. ఫ్రాన్సులో మోనే అనే మహా చిత్రకారుడికి అదే జరిగి, బొమ్మలు ఎర్రగా, గోధుమరంగుగా అయిపోయి, 1923లో ఆపరేషను చేయించుకున్నాడు. నాకు 64వ ఏట చేశారు. కట్టు విప్పాక ఇంటికొచ్చి నేను వేసిన కృష్ణానది బొమ్మలు చూస్తే నీళ్లన్నీ ఆకుపచ్చగా ఉన్నాయి. నీలం అనుకునే వేశాను వాటిని.

ఖర్చు: మొదటి ఏడాది నాకు నాలుగు వేలు దాటలేదు, మట్టీ తీగా ప్లాస్టరూ కలిపి. ఇప్పుడు కొంచెం ఎక్కువవుతుంది. పనిముట్లు కొనకండి, హ్యాక్సా బ్లేడు ముక్కలు, వెదురుపుల్లలు మీరే అరగదీసుకోండి.

అమ్మడం గురించి ఇప్పుడే ఆలోచించకండి. ప్రదర్శనలో గోడకింత అని మన దగ్గరే డబ్బు అడిగేవాళ్లు వస్తారు. ఒకచోట అలా కట్టి మూడు బొమ్మలిచ్చాను, రెండే తిరిగొచ్చాయి. మన జిల్లాల్లో "మా నాన్న విగ్రహం చేసిపెట్టండి" అని కూడా వస్తారు. అది గౌరవమైన పని, చెయ్యండి. తేదీ మాత్రం చెప్పకండి. మట్టిలో ఉండగానే ఇంటిల్లిపాదినీ పిలిచి చూపించండి, ముఖ్యంగా ఆయన భార్యని. కొడుకులు మీసం చూస్తారు. ఆవిడ మెడ ఎలా వంచేవాడో చూస్తుంది.

మా అమ్మ తల మళ్లీ చేశాను, ఆరేళ్ల తర్వాత. కాల్పించాను. మా చెల్లెలు వచ్చి ఏమీ అనకుండా ఎడమ చెవి తమ్మెని వేలితో తడిమింది.

పైపూ ఫ్లాంజీ ఈ ఆదివారమే బిగించండి. మొదటి తల అయ్యాక ఫొటోలు తీసి నాకు చూపించండి. ముందునుంచి ఒక్కటే పంపితే నేనేమీ చెప్పలేను. రెండు పక్కలూ, వెనకా, స్టూలెక్కి పైనుంచి కూడా తియ్యండి.